మైల లేని దుఃఖం: ఆత్మహత్యలో స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ఒక యువకుడి కేస్

అనంతపురంలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చిన ఒక అబ్బాయి కథ ఇది. రాయడానికి అతను ఒప్పుకున్నాడు. రాశాక చదివి వినిపించాను, రెండు చోట్ల మార్చమన్నాడు, మార్చాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, పేర్లు పెట్టలేదు. చనిపోయిన స్నేహితుణ్ణి అతను మొదటి నెలంతా పేరుతో పిలవలేదు. "మావాడు" అనేవాడు. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఎలా వచ్చాడు

అతనికి 28 ఏళ్లు. డ్రిప్ సామాన్లు అమ్మే షాపులో పని. రైతుల తోటల్లో పైపులు వేయించడం, డ్రిప్పర్లు మూసుకుపోతే వెళ్లి చూడటం. రోజూ బండి మీద అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరగాలి. పెళ్లి కాలేదు. టౌన్లో అక్కా బావల ఇంట్లో ఉంటాడు.

దుఃఖంగా ఉందని నా దగ్గరికి రాలేదు. గుండె పట్టేసినట్టుందని ఒక డాక్టరు దగ్గరికి పోయాడు. ఈసీజీ తీస్తే బాగానే ఉంది. గ్యాస్ మాత్రలు వాడినా తగ్గలేదు. రెండోసారి పోయినప్పుడు ఆ డాక్టరు "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. పక్కనున్న అక్క చెప్పింది: "ఇంట్లో ఏం జరగలేదు సార్. వీని ఫ్రెండు ఒకడు పోయినాడు, మూడు నెలలయింది." ఎలా పోయాడని అడిగితే ఇద్దరూ మాట్లాడలేదు. ఆ డాక్టరుకు విషయం అర్థమై నా దగ్గరికి పంపారు. అందుకు ఆయనకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. ఆ ఒక్క ప్రశ్న అడగక ఏడాది పాటు గ్యాస్ మాత్రలు మింగుతూ తిరిగినవాళ్లను నేను చూశాను.

"ఇంట్లో ఏం జరగలేదు." అక్క ఆ మాట అబద్ధం చెప్పాలని అనలేదు. ఆమె లెక్కలో నిజంగానే ఇంట్లో ఏం జరగలేదు.

మన దగ్గర మనిషి పోతే ఎవరు ఎన్నాళ్లు ఏడవాలో ఒక లెక్క ఉంది. దాయాదులకు పది రోజుల మైల, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు మూడు రోజులు. కులాన్ని బట్టి, ఊరిని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది. మైల అంటే అంటు అనీ, పాతకాలపు పట్టింపు అనీ అనుకుంటాం. ఈ పనిలోకి వచ్చాక నాకు దాంట్లో ఇంకో సంగతి కనిపించింది. ఆ పది రోజులూ నిన్ను ఎవరూ పనికి రమ్మనరు. గడ్డం ఎందుకు పెరిగిందని అడగరు. పెళ్లికి రాలేదని నిష్ఠూరమాడరు. వీధిలోవాళ్లు అన్నం తెచ్చి పెడతారు. ఏడవడానికి ఊరంతా కలిసి ఇచ్చిన సెలవు అది.

స్నేహితుడికి మైల లేదు. పాడె మోసి, ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకుంటే అయిపోయింది. ఈ అబ్బాయి మరుసటి రోజే షాపుకు పోయాడు. ఓనరు చెడ్డవాడేం కాదు, అడిగితే సెలవిచ్చేవాడే. ఏమని అడగాలో ఇతనికే తెలియలేదు. "మీకేమౌతాడు?" అంటే చెప్పడానికి వరస లేదు కదా.

లోకం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే పుస్తకం తెచ్చాడు. నలుగురి ముందు ఒప్పుకోలేని దుఃఖం, ఎవరూ వచ్చి పలకరించని దుఃఖం తొందరగా మానదని అతని మాట. నాకైతే ఆ పుస్తకం కన్నా "వరస లేదు" అన్న మాటే ఎక్కువ చెప్పింది.

మొదటి రోజు అడగాల్సినవి

ఇలాంటి కేసులో మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వాయిదా వేయకూడదు. "నీకూ ప్రాణం తీసుకోవాలనిపించిందా?" అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అవదు. లోపల ఉన్నదాన్ని చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది, అంతే. అతను చాలాసేపు నేలచూపులు చూసి, "చావాలని కాదు మేడం. మావాడి దగ్గరికి పోతే బాగుండు అనిపిస్తాది, రాత్రిపూట" అన్నాడు. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. అంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించాడా అంటే లేదు. తాగుడు లేదు.

అయినా అంతటితో వదల్లేదు. బ్రిటన్‌లో అలెగ్జాండ్రా పిట్‌మన్ బృందం 2016లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. దగ్గరివాళ్లను ఆత్మహత్యలో పోగొట్టుకున్న యువతీయువకులు, హఠాత్తుగా వచ్చిన సహజ మరణంలో పోగొట్టుకున్నవాళ్లకన్నా 65 శాతం ఎక్కువగా ఆత్మహత్యా ప్రయత్నం చేసినట్టు తేలింది. పోయినవాళ్లతో రక్త సంబంధం ఉన్నా లేకున్నా ఆ తేడా అలాగే ఉంది. మన వరసల లెక్కకు పూర్తి అడ్డం ఇది. దుఃఖం వరస చూసి రాదు, దాని వెంట వచ్చే ప్రమాదమూ అంతే.

అతని అనుమతితోనే అక్కను లోపలికి పిలిచాను. రాత్రి ఒంటరిగా మేడ మీద కాకుండా కింద హాల్లో పడుకోవాలి. నిద్ర రాక ఆ ఆలోచన వస్తే ఎంత రాత్రయినా అక్కనో బావనో లేపాలి. ఊళ్లో ఉన్న నాన్న ఇంట్లో పొలం మందులు పెట్టే గదికి తాళం వేసి, తాళంచెవి ఇతనికి అందకుండా ఉంచాలి. ఫోన్‌లో 14416 సేవ్ చేయించాను. అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అక్క ఫోన్‌లో కూడా సేవ్ చేయించాను.

డిప్రెషన్ తీవ్రత తెలుసుకునే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కి 15 వచ్చింది, అంకె పెరిగేకొద్దీ కుంగుబాటు ఎక్కువని అర్థం. వారాల తరబడి సరిగా నిద్ర లేదు కాబట్టి సైకియాట్రిస్టు దగ్గరికి కూడా పంపాను. రెండు నెలలు మందులు వాడాడు. దుఃఖానికి మాత్రం నేను జబ్బు పేరు పెట్టలేదు. దీర్ఘకాలిక దుఃఖం అనే నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి, అమెరికా వాళ్ల 2022 నాటి కొలతలో పెద్దవాళ్లకు ఏడాది. ఇతనికి మూడు నెలలే.

టైరు

రెండోసారి వచ్చినప్పుడు ఆటోలో వచ్చానన్నాడు. బండి ఏమైందంటే ఎక్కలేకపోతున్నానన్నాడు. వేపచెట్టు కింద కవరు కప్పి పెట్టాడట. తోటలకు షాపు వాళ్ల ఆటోలో పోతున్నాడు, దాంతో పని సగానికి పడిపోయింది.

కారణం చెప్పడానికి గంట పట్టింది. ఎప్పుడో ఏడాది కింద ట్రాక్టరు డీజిల్‌కని మావాడు ఇతని దగ్గర మూడున్నర వేలు తీసుకున్నాడు. ఇతను మర్చిపోయాడు కూడా. చనిపోవడానికి పది రోజుల ముందు మావాడు ఊరి నుంచి అనంతపురం వచ్చి, షాపు బయట నిలబడి పిలిచి ఆ డబ్బు చేతిలో పెట్టాడు. "లెక్క తేలిపోయింది మామా" అన్నాడు. ఇద్దరూ టీ తాగారు. చాన్నాళ్ల తర్వాత ఆ మొహం కుదుటపడినట్టు కనిపించింది. చీనీ (బత్తాయి) తోటకు రేటు పలికింది కాబోలు, గట్టెక్కినాడు అనుకున్నాడు ఇతను. ఆ డబ్బుతో ఆ సాయంత్రమే బండికి వెనక టైరు కొత్తది వేయించుకున్నాడు.

"ఆ టైరు మీదే మేడం, నేను మావాడి మట్టికి పోయింది."

మావాడికి అప్పులున్నాయి, ఒక సంబంధం తప్పిపోయింది, నెలల తరబడి నిద్ర లేదు, తాగుడు పెరిగింది. ఏ ఒక్కటీ కారణం అని నేను చెప్పను. అప్పులున్న రైతులు, సంబంధాలు తప్పిపోయిన కుర్రాళ్లు ఈ జిల్లాలో లెక్కలేనంత మంది ఉన్నారు, బతుకుతున్నారు. కుంగుబాటు ముదిరిన మనసుకు దారులన్నీ మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. వైద్యం అందితే ఆ చూపు మారుతుంది. మావాడికి అది అందలేదు.

చాన్నాళ్లు కుంగిపోయి ఉన్న మనిషి ఉన్నట్టుండి నెమ్మదించడం, బాకీలు తీర్చేయడం, ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం హెచ్చరికలే. కనిపిస్తే పక్కన కూర్చుని సూటిగా అడగాలి. ఇది చదివేవాళ్లందరికీ చెబుతున్నాను. కానీ ఈ అబ్బాయికి అది ఎలా తెలుస్తుంది? బాకీ తీర్చిన స్నేహితుణ్ణి చూసి ఎవరైనా సంతోషిస్తారు. జరిగిపోయాకే అది హెచ్చరిక అయింది.

నేను చేసిన తప్పు

మూడోసారి నేను తొందరపడ్డాను. అతను "తెలుసుకోవాల్సింది నేను, తెలుసుకోలేకపోయినా" అని ఏడుస్తుంటే, "ఇందులో నీ తప్పేం లేదు" అన్నాను. మంచి మాటే. కానీ అప్పటికి ఆ మాట అతనికి అందరూ చెప్పారు. నేనూ చెప్పేసరికి ఇక చెప్పుకోవడానికి ఏం మిగల్లేదు. రెండు వారాలు రాలేదు. అక్కకు ఫోన్ చేసి, బాగానే ఉన్నాడని తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టలేదు. అంత చిన్న ఓదార్పు మాట మనిషి నోరు మూయించగలదని ఆ రెండు వారాల్లో తెలుసుకున్నాను.

తిరిగి వచ్చాక క్షమించమని అడిగాను. తనదే తప్పన్న అతని మాటను కొట్టిపారేయకుండా టేబుల్ మీద పెట్టి చూద్దామన్నాను. ఒక కాగితం మధ్యలో గీత గీశాం. ఎడమవైపు ఆ టీ తాగిన రోజుకు అతనికి తెలిసినవి. కుడివైపు ఈరోజు తెలిసినవి. ఎడమవైపు: డబ్బు తిరిగిచ్చాడు, నవ్వాడు, చీనీ కాయలు కోతకొచ్చాయని చెప్పాడు. అప్పులు మూడు చోట్ల ఉన్నాయన్నది కుడివైపు. నిద్ర లేదన్నది కుడివైపు. సంబంధం తప్పిపోయిందన్నది కూడా కుడివైపే, అది దినం రోజున తెలిసింది. అలా ఒక్కొక్కటే రాస్తుంటే ఎడమవైపు మూడు ముక్కలే మిగిలాయి. ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "నాకు చెప్పింది ఇంతేనా" అన్నాడు. తప్పు చేశాననే బాధ పక్కకు జరిగింది, కానీ దాని వెనక నుంచి ఇంకో బాధ వచ్చింది. రెండు వారాల తర్వాత అది కోపమై బయటపడింది. "నా మూడున్నర వేలు గుర్తు పెట్టుకున్నాడు మేడం. నన్ను మాత్రం గుర్తు పెట్టుకోలేదు."

పోయినవాళ్ల మీద కోపగించుకోవడం పాపం అనుకుంటాం. నేను ఆపలేదు. ఆరోజు అతను మావాణ్ణి తిట్టాడు, మొదటిసారి పేరు పెట్టి తిట్టాడు.

ఆ మాటలోనే హత్య ఉంది

ఇంకో రోజు అడిగాడు: "ఆత్మహత్య అంటారు కదా మేడం. హత్య అంటే చంపినవాడు ఉండాల కదా. ఎవడు?" నా దగ్గర జవాబు లేదు. కానీ అతని భయం అర్థమైంది. మన మాటే మనల్ని హంతకుడి కోసం వెతికిస్తుంది. పేపర్లో రాసే "బలవన్మరణం" అన్న మాటా మెత్తనిదేం కాదు. ఊళ్లో అందరూ ఎవరో ఒకరి వైపు వేలు చూపించారు: అప్పిచ్చినవాడు, తప్పిపోయిన సంబంధం వాళ్లు, కొట్టాడని తండ్రి. చివరికి "నీకన్నీ చెప్పేవోడు కదప్పా, నీకు తెలీదా?" అని ఇతని వైపు.

దానికి తోడు పోలీసులు. చివరి వారం ఫోన్ కాల్స్ చూసి ఇతన్ని స్టేషన్‌కు పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. ఆ తర్వాత రాత్రి ఇంటి ముందు ఏ బండి ఆగినా చెమటలు పట్టేవి. ఇలాంటి ప్రతి చావులోనూ పోలీసు విచారణ తప్పనిసరి అని, దగ్గరివాళ్లను అడగడం దాంట్లో భాగమని, అనుమానించినట్టు కాదని ఎవరూ చెప్పలేదు. అప్పుడది పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 174వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్. ఐదు నిమిషాల్లో చెప్పాను, ఆ రాత్రి నుంచే ఆ భయం తగ్గింది. వాంగ్మూలం తీసుకున్నరోజే అక్కడ ఎవరైనా ఆ ఐదు నిమిషాలు వెచ్చించి ఉంటే రెండు నెలల వణుకు తప్పేది.

మా మధ్య మాత్రం ఒక ఒప్పందం చేసుకున్నాం. "ప్రాణం తీసుకున్నాడు" అని అందాం. దాచి "యాక్సిడెంట్" అనొద్దు, "పిరికోడు" అనొద్దు.

బండి, మాటలు

ఉత్తరం రాయమనడం నాకు అలవాటైన పద్ధతి. పోయినవాళ్లకు చెప్పాలనుకున్నవి రాయమంటాను. ఇతను మూడు వారాలు తెల్లకాగితమే తెచ్చాడు. "టెన్త్ అయినాక నేను ఉత్తరమే రాయలేదు మేడం. మావాడూ నేనూ మాట్లాడుకునేది బండి మీదే." కాలేజీ రోజుల్లో ఇద్దరూ ఒకే రూములో ఉండేవాళ్లు, ఇద్దరికీ కలిపి ఒక పాత బండి. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి తిని గుత్తి కోట దాకా పోయేవాళ్లు. వెనక కూర్చున్నవాడు చెవి దగ్గర అరుస్తూ, ముందున్నవాడు తల తిప్పకుండా జవాబిస్తూ. అవన్నీ చెబుతున్నప్పుడు అతను మొదటిసారి నా ముందు నవ్వాడు. అప్పటిదాకా మావాడి 28 ఏళ్ల బతుకును ఆ చివరి రోజు మింగేసి ఉంది. ఆరు వారాలు మేం ఎక్కువగా చేసింది ఆ బతుకును బయటికి లాగడమే.

బండి సంగతి నెమ్మదిగా నడిచింది. మొదట కవరు తీసి తుడవడం. తర్వాత స్టార్ట్ చేసి ఆపడం. వీధి చివరి దాకా, పెట్రోల్ బంకు దాకా. కళ్యాణదుర్గం రోడ్డెక్కిన రోజు బావ వెనక కూర్చున్నాడు. ఆ తర్వాతి వారం ఒక్కడే పోయి వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు: "దారంతా మావాడితో మాట్లాడినా మేడం. పిచ్చి కాదు కదా?" కాదు అన్నాను. ఉత్తరం అలా పూర్తయింది.

తల్లి

అన్నిటికన్నా లోతుగా దిగింది పాడె లేచేటప్పుడు మావాడి తల్లి అన్న మాట. "నీకూ చెప్పలేదా నాయనా?" అప్పటి నుంచి ఇతను ఆ ఊరి ఛాయలకు పోలేదు. ఆమె తనను నిలదీసిందనే నమ్మాడు. పోవాలా వద్దా అన్నది నెల రోజులు మాట్లాడుకున్నాం. ఆమె తిట్టినా తట్టుకోగలను అనుకున్నాకే పోయాడు.

మొదటిసారి బాగా జరగలేదు. తండ్రి ఇతన్ని చూసి లేచి తోటలోకి పోయాడు. తల్లి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది, ఇద్దరూ ఏం మాట్లాడలేదు. రెండోసారి పోయినప్పుడు ఆమె మళ్లీ అదే అడిగింది. ఇతను మూడున్నర వేల సంగతి, టైరు సంగతి అన్నీ చెప్పేశాడు. ఆమె కాసేపు పైకి చూసి, "రెండేండ్ల నుంచి కారుతాంది, మిద్దెకు చౌడు తోలించరా అంటే ఇనలేదు నాయనా. ఆ వారమే తోలించినాడు. నా కొడుక్కు బుద్ధొచ్చిందని మురిసిపోతిని" అన్నదట.

ఇద్దరూ ఏడ్చారు. ఆమె నిలదీయలేదు. ఆమెకూ తెలియదు, ఎవరికైనా తెలిసి ఉంటుందేమోనని అడుగుతూ ఉంది. నేను ఇన్ని వారాలుగా కాగితాల మీద చేసిన పని కన్నా ఆ మిద్దె కింద జరిగిందే పెద్దది.

మిగతా నలుగురు

నేను ఆలస్యం చేసింది ఇంకోటి. ఆ రూములో ఉన్నవాళ్లు మొత్తం ఆరుగురు. మావాడు పోయిన రోజు నుంచి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. ఐదో నెలలో గానీ వాళ్ల గురించి అడగాలని నాకు తట్టలేదు. ఒక ఆదివారం అందర్నీ నా గదికి పిలిచాను. ఎవరికి వాళ్లు తప్పు తమదే అనుకుంటున్నారు. ఒకడికి మావాడు చేసిన ఫోన్ ఎత్తలేదని, ఒకడు అప్పు ఇవ్వలేదని. ఒకడు రోజూ తాగుతున్నాడు. వెళ్లేటప్పుడు నాతో విడిగా, తనకూ అదే దారి కనిపిస్తోందన్నాడు. ఆరోజే, ఆ గంటలోనే అతన్ని సైకియాట్రిస్టు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఇప్పుడు బాగున్నాడు.

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. ఆ ఒక్కొక్కరి వెనక ఇలాంటి రూము ఒకటి ఉంటుంది. ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే మనస్తత్వవేత్త చాలా ఏళ్ల కిందే చెప్పాడు, మిగిలినవాళ్లను చూసుకోవడం వచ్చే తరం చావుల్ని ఆపడమేనని. మన ఊళ్లలో తల్లిదండ్రుల్ని పలకరించడానికైనా నలుగురు పోతారు. స్నేహితుల దగ్గరికి ఎవరూ పోరు. ఇప్పుడు నేను ఇలాంటి కేసులో మొదటి వారమే అడుగుతాను: "ఇంకా ఎవరెవరు?"

ఇప్పుడు

పది నెలల్లో పద్దెనిమిది సార్లు కూర్చున్నాం. చివరిసారి పీహెచ్‌క్యూ-9లో 6 వచ్చింది. నెలకు రెండు మూడు రాత్రులు ఇంకా నిద్ర పట్టదు. చీనీ తోటకు పైపులు వేసేటప్పుడు చేతులు ఆగిపోతాయి, కాసేపు గట్టు మీద కూర్చుంటాడు. సంవత్సరీకానికి మావాడి తండ్రే ఫోన్ చేసి రమ్మన్నాడు. బంధువుల వరుసలో కూర్చోబెట్టి వడ్డించారట.

ఆ మధ్య ఒకరోజు షాపు నుంచి ఫోన్ చేశాడు. వెనక టైరు అరిగిపోయి నున్నగా అయింది, బండి జారుతోంది, మార్చమని మెకానిక్ అంటున్నాడు, ఏం చేయమంటారని అడిగాడు. నేను ఏం చెప్పకముందే, "మార్చేస్తా మేడం, వానాకాలం కదా" అన్నాడు. పాతది మెకానిక్ దగ్గర వదిలేయలేదు. బండి వెనక కట్టుకుని మావాడి ఊరికి తీసుకుపోయాడు. ఇప్పుడది వాళ్ల మిద్దె మీద ఉంది.